క్యాచ్ వదిలేసిన పిల్లవాడు: ఒక కేస్ స్టడీ

ఆటలో ఓడిపోయి పిల్లవాడు ఏడిస్తే అది జబ్బు కాదు. ఏడవనివ్వాలి కూడా. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో అసలు ఇబ్బంది ఆ ఏడుపు ఆగాక మొదలవుతుంది. చుట్టూ ఉన్న పెద్దవాళ్లు దాని గురించి ఏం మాట్లాడారు, ఏం మాట్లాడకుండా ఊరుకున్నారు అన్నదాన్ని బట్టి అది పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. కోనసీమలో పిల్లల కౌన్సెలింగ్ చేస్తున్న నాకు మార్కుల టెన్షన్, హాస్టల్ బెంగ, ఫోన్ గొడవల కేసులే ఎక్కువ. ఆట మీద వచ్చేవి అరుదు. వాటిలో ఈ బేస్‌బాల్ కేసుని వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. పిల్లవాడితో నేను కూర్చుని చేసిన పని కన్నా, వాళ్ల నాన్నతోనూ పీఈటీ మాస్టారితోనూ చేసిన పని ఎక్కువ ఫలించింది. ఇలాంటి కేసులు చాలావరకు అలాగే చూడాలని నా నమ్మకం.

బాబు, వాళ్ల అమ్మానాన్నలు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చేశాను. పేరు పెట్టడం లేదు, బాబు అనే అంటాను.

వచ్చినప్పటి పరిస్థితి

తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. ముమ్మిడివరం వైపు ఒక ఊరు. నాన్న రొయ్యల చెరువులు లీజుకి తీసుకుని చేస్తారు. అమ్మ ఇంటిపని చూసుకుంటూ రెండు గేదెల పాడి చూస్తారు. ఒక చెల్లి, ఆరో తరగతి.

పిల్లల డాక్టరుగారు పంపిస్తే నా దగ్గరికి వచ్చారు. కొన్ని వారాలుగా పొద్దున్నే కడుపునొప్పి. స్కానింగులో, పరీక్షల్లో ఏమీ తేలలేదు. డాక్టరుగారు ఒక మంచి ప్రశ్న అడిగారట, నొప్పి ఏ రోజుల్లో వస్తోందని. అమ్మ ఆలోచించి చెప్పారు, ఆటల పీరియడ్ ఉన్న రోజుల్లోనూ, పొద్దున ప్రాక్టీసు ఉన్న రోజుల్లోనూ. ఆదివారం రాదు. "నటిస్తున్నాడండీ" అన్నారు నాన్న. అది నటన కాదని ముందే చెప్పాను. భయం వల్ల వచ్చే నొప్పి కూడా నిజంగానే నొప్పి పెడుతుంది. పేగులు బిగుసుకుంటాయి, వికారం వస్తుంది, ఆకలి పోతుంది. నొప్పిని నమ్మకుండా పిల్లవాడిని నమ్మించలేం.

ఇంకా ఏం మారింది అని అడిగితే ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. చెల్లి మీద ఊరికే విసుక్కుంటున్నాడు. ప్రాణంగా చూసుకున్న గ్లౌవ్‌ని మాస్టారి గదిలో పెట్టేసి "ఇంకెవరికైనా ఇవ్వండి సార్" అని వచ్చేశాడు. చిన్నప్పటినుంచి కలిసి తిరిగిన స్నేహితుడి ఇంటి ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి కాలవగట్టు మీదుగా బడికి వెళ్తున్నాడు. లెక్కల్లో మార్కులు తగ్గాయి. రాత్రిళ్లు నిద్రపట్టక ఫోన్‌లో ఒకటే వీడియో చూస్తున్నాడని చెల్లి చెప్పింది.

పెద్దవాళ్లని బయట కూర్చోమని, చనిపోవాలనిపిస్తోందా అని బాబుని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. కాదు. అడగకపోతేనే పిల్లలు ఒంటరిగా మోస్తారు. లేదన్నాడు, ఆ మాట నమ్మేలా ఉంది. "బడి మారిపోతే బాగుండనిపిస్తుందండి" అన్నాడు. ఇది చదివే తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఆ ప్రశ్నకి అవునన్న జవాబు వస్తే ఆగకండి. టెలీ మానస్ 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆ రోజు

కోనసీమలో బేస్‌బాల్ ఏంటని అనుకోవచ్చు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆటల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌తో పాటు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ కూడా ఉన్నాయి. క్రికెట్ ఆడే పిల్లలు ఊరూరా వందల్లో ఉంటారు కాబట్టి, కన్ను, చెయ్యి చురుకైన వాళ్లని కొందరు పీఈటీ మాస్టార్లు ఇటు తిప్పుతారు. జిల్లా జట్టు, రాష్ట్ర పోటీ, చేతికో సర్టిఫికెట్, ముందుముందు స్పోర్ట్స్ కోటా. పల్లెటూరి ఇంట్లో ఈ నాలుగు మాటలకీ చాలా బరువు ఉంటుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఎండిన చేలల్లో, మిగతా రోజుల్లో కొబ్బరితోట పక్కనున్న బడి మైదానంలో ఈ బాబు రెండేళ్లుగా ఆడుతున్నాడు.

అండర్-17 జిల్లా ఎంపికలు. వచ్చిన పిల్లల్ని రెండు జట్లు చేసి మ్యాచ్ ఆడించారు. బాబు లెఫ్ట్ ఫీల్డ్, అంటే ఎడమవైపు దూరంగా నిలబడాలి. ఆఖరి ఇన్నింగ్స్. వీళ్ల జట్టు ఒక్క పరుగు ముందుంది. అవతలి జట్టులో ఇద్దరు ఔటయ్యారు, మూడో వాడు ఔటైతే ఆట అయిపోతుంది. కానీ మూడు బేసుల మీదా, అంటే పరుగు పూర్తి చేయడానికి వరసగా తాకాల్సిన చోట్ల, రన్నర్లు ఉన్నారు. బంతి గాల్లోకి లేచింది, ఇతని వైపే. వెనక్కి పరిగెత్తాడు. పడమటి ఎండ కళ్లలో పడింది. గ్లౌవ్‌లో పడింది, బయటికి ఎగిరింది. ఇద్దరు ఔటయ్యాక గాల్లో బంతి ఉన్నా రన్నర్లు ఆగరు, కొట్టగానే పరిగెడతారు. అందుకే నేల మీద పడిన ఆ బంతిని తీసి విసిరేసరికే రెండు పరుగులు వచ్చేశాయి.

సాయంత్రం జాబితా చదివారు. బాబు పేరు స్టాండ్‌బైలో వచ్చింది. స్నేహితుడి పేరు జట్టులో వచ్చింది.

బండి మీద ఇంటికొస్తూ నాన్న అన్నారట, "పని మానుకుని వచ్చాను. చేతిలో పడ్డది కూడా పట్టుకోలేకపోయావేంట్రా." అంతే. ఊరు చేరేదాకా ఇంకో మాట లేదు. ఇంటికెళ్లాక అమ్మ అన్నం పెడుతూ, "పోనీలే, ఆటే కదా. ఇంక చదువు మీద పెట్టు" అన్నారు. మర్నాడు జట్టు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ క్యాచ్ వీడియో పెట్టారు. నవ్వు బొమ్మలు పడ్డాయి. వారం తిరిగేసరికి బడిలో ఇతని పేరు "జల్లెడ" అయిపోయింది.

నాకు అర్థమైనది

పైకి చూస్తే నిరాశ ఒక్కటే, జిల్లా జట్టులోకి రాలేదు. మాట్లాడుతుంటే అందులో చాలా ఉన్నాయి. క్యాచ్ పోయినందుకు ఒక బాధ. జట్టు ఓడినందుకు సిగ్గు. స్నేహితుడు వెళ్లినందుకు అసూయ, ఆ అసూయ పడినందుకు మళ్లీ తనమీద తనకే కోపం. వీడియో వల్ల అవమానం. అన్నిటికన్నా కింద నాన్న ఉన్నారు. అంతకుముందు పంటలో ఆయన చెరువుకి వైట్‌స్పాట్ వచ్చింది. రొయ్యలకి వచ్చే ఆ వైరస్ జబ్బుకి మందు లేదు. కౌంట్ (అమ్మడానికి తగిన సైజు) రాకుండానే పట్టుబడి చేసి, దొరికిన రేటుకి అమ్ముకున్నారు. అప్పు మిగిలింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆయన టీకొట్టు దగ్గరికి వెళ్లడం కూడా మానేశారు. ఈ సర్టిఫికెట్ తెస్తే నాన్న మొహం మళ్లీ మామూలుగా అవుతుందని బాబు అనుకున్నాడు. ఆ మాట ఎవరూ అతనికి చెప్పలేదు, అతనే కట్టుకున్నాడు.

"చెరువు పోయినప్పుడు కూడా నాన్న ఇలాగే మాట్లాడటం మానేశారండి" అన్నాడు. ఈ ఒక్క మాటతో కేసు నాకు వేరేగా కనిపించింది. ఆ ఇంట్లో నష్టం వస్తే ఏం చేయాలో పిల్లవాడు ముందే చూసి నేర్చుకున్నాడు: మాట్లాడకూడదు, మనుషులకి కనపడకూడదు, దారి మార్చుకుని వెళ్లాలి. నాన్న టీకొట్టు మానేశారు, కొడుకు మైదానం మానేశాడు.

మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్ చెప్పిన ఒక విషయం ఇక్కడ పనికొస్తుంది. చెడు జరిగినప్పుడు మనిషి దానికి కారణం ఎలా చెప్పుకుంటాడన్నది ఆయన చూశారు. ఇది ఎప్పటికీ ఇంతే, అన్నిటిలోనూ ఇంతే, అంతా నావల్లే అని చెప్పుకునేవాళ్లు త్వరగా చేతులెత్తేస్తారు. బాబు మాటల్లో మూడూ ఉన్నాయి. "నా చేతిలో ఏదీ నిలవదండి" అన్నాడు ఒకసారి. క్యాచ్ గురించి మొదలైన మాట అప్పటికి లెక్కల పరీక్ష దాకా పాకింది.

పెద్దవాళ్ల మాటల గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. నాన్న తిట్టిన మాట గుచ్చుకుంది, అందరికీ కనిపిస్తుంది. అమ్మ ప్రేమతో అన్న "ఆటే కదా" కూడా అంతే గుచ్చుకుంది, అది ఎవరికీ కనిపించదు. రెండేళ్లు పొద్దున్నే లేచి, మంచులో తడిసిన గడ్డిలో పరిగెత్తిన పిల్లవాడికి, నువ్వు ప్రేమించింది పెద్ద విషయం కాదు అని చెప్పినట్టయింది. మొదటి మాట నష్టాన్ని పెద్దది చేసింది, రెండోది నష్టమే లేదంది. పిల్లవాడికి కావలసింది ఈ రెండూ కాదు. పోయినది ఎంతో అంతే అని ఒప్పుకునే మనిషి కావాలి.

పిల్లవాడితో

మొదట్లో అతను నాతో మాట్లాడలేదు. నేను కాగితం మీద డైమండ్ (బేస్‌బాల్ మైదానం) గీశాను, నాలుగు బేసులు పెట్టి, ఎవరెక్కడ నిలబడ్డారో నువ్వే గుర్తు పెట్టమన్నాను. పెన్సిలు తీసుకున్నాడు. మిగతా ఎనిమిది మందినీ పెట్టాడు, అంపైర్‌ని పెట్టాడు, కంచె దగ్గర నాన్నని కూడా పెట్టాడు. లెఫ్ట్ ఫీల్డ్‌లో మాత్రం ఏమీ పెట్టలేదు. అక్కడెవరున్నారు అంటే, కాసేపాగి చిన్న చుక్క పెట్టాడు.

ఆ కాగితం మీదే ఆ ఇన్నింగ్స్‌ని మొదటినుంచి నడిపించాం. తప్పు ఇంకొకరి మీదికి తోయడం నా ఉద్దేశం కాదు, ఆ సంగతి అతనికీ చెప్పాను. మూడు బేసులూ ఎలా నిండాయి అని అడిగాను. ఇద్దరు వాక్ మీద వెళ్లారు, అంటే పిచ్చర్ (బంతి వేసేవాడు) నాలుగు బంతులు అదుపు తప్పి వేస్తే ఉచితంగా దొరికే బేసు. మూడోవాడు షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేసుల మధ్య నిలబడే ఫీల్డర్) త్రో తల మీదుగా పోవడం వల్ల చేరాడు. అంతకుముందు మీ పరుగులెలా వచ్చాయి అంటే, ఒక పరుగు తను కొట్టిన హిట్ మీద వచ్చిందని చెప్పాడు. చెబుతూ తనే ఆశ్చర్యపోయాడు. ఇన్ని వారాల్లో ఆ హిట్ ఒక్కసారి కూడా గుర్తు రాలేదట. వీడియో చివరి పది సెకన్లదే కాబట్టి జ్ఞాపకంలోనూ అదే మిగిలింది.

ఇంటికి వెళ్లబోతూ, "క్యాచ్ నేనే వదిలేశానండి. కానీ బేసులు నేను నింపలేదు కదండీ" అన్నాడు. నాకు అంతకన్నా అక్కర్లేదు. తన భాగం తను తీసుకున్నాడు, మిగతాది దించాడు. "నీ తప్పేం లేదు" అని నేను అనుంటే అతను నమ్మేవాడు కాదు. క్యాచ్ పట్టాల్సింది అతనే అని అతనికీ నాకూ తెలుసు.

ఇంకోరోజు ఒక నిజమైన కథ చెప్పాను. 2010 జూన్ 2న అమెరికాలో డెట్రాయిట్ జట్టు పిచ్చర్ అర్మాండో గలరాగా, క్లీవ్‌లాండ్ మీద వరసగా 26 మందిని బేసు చేరకుండా ఆపాడు. ఇంకొక్కడు ఔటైతే అది పర్ఫెక్ట్ గేమ్, అంటే అవతలి జట్టులో ఒక్కడినీ బేసు చేరనివ్వని ఆట. అక్కడి పెద్ద లీగుల చరిత్ర మొత్తంలో అప్పటికి 20 మాత్రమే జరిగాయి. ఆ ఆఖరి బ్యాటర్ మొదటి బేసు దగ్గర ఔటే, కానీ అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ (ఔట్ కాదు) అన్నాడు. గలరాగా చిన్నగా నవ్వి వెనక్కి వెళ్లి, తర్వాతి బ్యాటర్‌ని ఔట్ చేసి ఆట ముగించాడు. జాయిస్ రీప్లే చూసి, తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుని ఏడ్చాడు.

పిల్లలకి ఈ కథ చెబితే గలరాగా నవ్వు గురించే మాట్లాడతారు. ఈ బాబు వేరే అడిగాడు. "ఆ అంపైర్ మర్నాడు ఏం చేశాడండి?" మర్నాడు ఆయనకి సెలవు తీసుకునే వీలుంది. తీసుకోలేదు. అదే మైదానంలో, అదే జనం ముందు హోమ్ ప్లేట్ (బ్యాటర్ ఆడే చోటు) వెనక నిలబడ్డాడు. ఆటకి ముందు జట్టు పేర్ల కాగితం అంపైర్‌కి ఇవ్వాలి, అది తీసుకొచ్చి ఇచ్చింది గలరాగానే. జాయిస్ కళ్లు తుడుచుకుంటూ తీసుకున్నాడు. బాబు చాలాసేపు ఏమీ అనలేదు. అతనికి అన్యాయం జరిగినవాడి ఓపిక అక్కర్లేదు, చేతిలోది జారిపోయినవాడు మర్నాడు ఎలా వచ్చాడన్నదే కావాలి. ఏ కథ చెప్పాలో మనం అనుకుంటాం గానీ, అందులో ఎవరి పక్కన నిలబడాలో పిల్లలే తేల్చుకుంటారు.

బేస్‌బాల్‌లోనే ఉన్న రెండు సంగతులు కూడా వాడుకున్నాం. క్రికెట్‌లో ఔటైతే ఆ ఇన్నింగ్స్‌కి కూర్చోవాల్సిందే. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ వరస తిరుగుతూనే ఉంటుంది, తొమ్మిదో వాడి తర్వాత మళ్లీ మొదటివాడు వస్తాడు. ఇందాక ఔటైనవాడికి ఇంకో గంటలో మళ్లీ వంతు వస్తుంది. రెండోది, ఈ ఆటలో తప్పుని దాచరు. స్కోరుబోర్డు మీద పరుగులు, హిట్‌ల పక్కనే ఎర్రర్లకి కూడా ఒక గడి ఉంటుంది. అందరికీ కనిపించేలా అంకె వేస్తారు, ఆ తర్వాత ఆట కొనసాగుతుంది. ఆ గడి బాబుకి నచ్చింది. తన నోటుబుక్కులో ప్రాక్టీసు రోజుకి మూడు గడులు గీసుకోవడం అతనే మొదలుపెట్టాడు.

స్నేహితుడి విషయం అంత తేలికగా సాగలేదు. రాష్ట్ర పోటీలకి వెళ్లిన జట్టు ముందే ఓడి తిరిగొచ్చింది. "వినగానే సంతోషం వేసిందండి" అని తలదించుకుని చెప్పాడు. తను చెడ్డవాడినని అతని నిర్ణయం. ఆ సంతోషమూ స్నేహమూ ఒకే మనసులో ఉండగలవని, ఒకటుందని రెండోది అబద్ధం కాదని చెప్పాను. వెళ్లి క్షమాపణ అడగమని గానీ, అభినందించమని గానీ చెప్పలేదు. ఇంటి ముందు నుంచి బడికి వెళ్లు, అంతవరకే అన్నాను. వెళ్లాడు. కొన్ని రోజులకి వాడే సైకిలు ఆపి ఎక్కమన్నాడట.

నాన్నతో

ఆయన మంచి తండ్రి. కొడుకు ప్రతి మ్యాచ్‌కీ వెళ్తారు, ఎన్నిసార్లు ఔటయ్యాడో చిన్న పుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకం చూపించమన్నాను. ఔట్ల లెక్క ఉంది గానీ హిట్ల లెక్క లేదు. చెరువు లెక్కలు చూసే మనిషి కాబట్టి అంకెలతోనే మాట్లాడాను. బేస్‌బాల్‌లో పదిసార్లు బ్యాటు పట్టుకుంటే మూడు హిట్లు కొట్టేవాడిని మంచి బ్యాటర్ అంటారు. 1941లో అమెరికా బ్యాటర్ టెడ్ విలియమ్స్ సగటు .406, అంటే వెయ్యికి 406 హిట్ల లెక్క, ఈ ఆట ప్రేమించేవాళ్లు ఇప్పటికీ తలుచుకునే అంకె అది. ఆ ఏడు ఆయన లెక్కలోకి వచ్చే 456 అవకాశాల్లో 185 హిట్లు కొట్టారు. మిగతా 271 సార్లు హిట్ రాలేదు.

"అంటే పదిలో ఆరు పోయినా మొనగాడేనా అండీ?" అన్నారు.

"ఈ ఆటలో అంతేనండీ. మీ పుస్తకంలో రాస్తే ఆయన కూడా పనికిరానివాడిలాగే కనిపిస్తారు."

తర్వాత బండి ప్రయాణం గురించి మాట్లాడుకున్నాం. నా అనుభవంలో పిల్లల ఆటల్లో అన్నిటికన్నా ప్రమాదమైన సమయం మ్యాచ్ కాదు, ఇంటికి తిరిగొచ్చే ఆ దారి. పిల్లవాడు అలిసిపోయి, ఆకలితో, ఇంకా వణుకుతూ ఉంటాడు. తప్పించుకుని వెళ్లడానికి చోటు ఉండదు. మొహం కనిపించదు కాబట్టి పెద్దవాళ్లు ఇంకాస్త గట్టిగానే అంటారు. అందుకని దారిలో మ్యాచ్ మాట వద్దన్నాను. వాడే ఎత్తితే వినండి. "ఏమీ అనకపోతే పట్టించుకోలేదనుకోడా అండీ?" అని అడిగారు. మంచి అనుమానం. మాట్లాడకపోవడం వేరు, మొహం తిప్పుకోవడం వేరు. ఆకలేస్తోందా అనండి. ఎక్కడైనా బండి ఆపి వేడి పునుగులు ఇప్పించండి. భుజం మీద చెయ్యి వేయండి. "ఇవాళ బాగా బాధేసింది కదా నాన్నా" అనండి, ఆ తర్వాత సలహా కలపకండి. ఆ ఆఖరి ముక్క ఆయనకి అన్నిటికన్నా కష్టమైంది.

అసలు మలుపు ఆయనే తెచ్చారు. కొడుకు చెరువు గురించి అన్న మాట, వాడి అనుమతితో, ఆయనకి చెప్పాను. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "వాడు చిన్నోడు, వాడికెందుకని చెప్పలేదండీ" అన్నారు. పిల్లలకి లెక్కలన్నీ చెప్పక్కర్లేదు, అప్పు బరువు వాళ్ల మీద పెట్టకూడదు కూడా. కానీ ఇంట్లో పెద్ద నష్టం జరిగిందని వాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. తెలియనిదల్లా నాన్న దాన్ని ఎలా దాటుతున్నారన్నదే.

ఒక ఆదివారం ఆయన బాబుని చెరువుగట్టు మీదికి తీసుకెళ్లారు. ఏం మాట్లాడాలో నేను చెప్పలేదు, ఇద్దరూ విడివిడిగా తర్వాత చెప్పిన దాన్నిబట్టి రాస్తున్నాను. రొయ్యలు గట్టు పక్కన తేలడం చూసిన రోజు తను ఇక్కడే కూర్చుని ఏడ్చానని చెప్పారట. తర్వాత నీళ్లు తీసేసి, ఎండగట్టి, సున్నం, బ్లీచింగ్ వేసి, రొయ్యపిల్లల సీడ్‌ని ఈసారి పరీక్ష చేయించే తెచ్చానని చెప్పారట. నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలు అన్నీ చూపించారు. మళ్లీ వైట్‌స్పాట్ రావచ్చా అని బాబు అడిగితే, "రావచ్చురా. నేను చూసుకోగలిగినవన్నీ చూసుకున్నాను" అన్నారట. "నువ్వు సర్టిఫికెట్ తెచ్చినా తేకపోయినా ఈ అప్పు నాదే, నీది కాదు" అని కూడా. బండి మీద అన్న మాటకి కొడుకుని క్షమించమని అడిగారో లేదో నాకు తెలియదు, ఇద్దరూ చెప్పలేదు. ఆ తర్వాతి వారం కడుపునొప్పి తగ్గిందని అమ్మ ఫోన్ చేశారు.

అమ్మతో పని తక్కువే. "ఆటే కదా" బదులు ఏమనాలి అని ఆవిడే అడిగారు. "నీకెంతో ఇష్టం కదా, అందుకే ఇంత బాధ" అనమన్నాను. ఆవిడకి అది వెంటనే పట్టుబడింది.

మాస్టారితో

పీఈటీ మాస్టారు శ్రద్ధ ఉన్న మనిషి. ఉన్న నాలుగైదు గ్లౌవ్‌లతో, ఒక జట్టు ఫీల్డింగ్ అయ్యాక రెండో జట్టుకి మార్చి ఇస్తూ ఆడిస్తారు. బాబుకి ఆ రోజు దొరికింది గట్టిగా ఉన్న కొత్త గ్లౌవ్. అది మెత్తబడేదాకా బంతి అందులోంచి ఎగురుతూనే ఉంటుంది. ఈ మాట ఆయనే చెప్పారు, కానీ అప్పటిదాకా బాబుకి చెప్పలేదు. క్యాచ్ వదిలినవాళ్లకి మైదానం చుట్టూ రౌండ్లు వేయించడం ఆయన పద్ధతి, తను నేర్చుకున్నదీ అలాగే.

ఆయనకి ఒక పరిశోధన గురించి చెప్పాను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోనాల్డ్ స్మిత్, ఫ్రాంక్ స్మోల్ అనే ఇద్దరు 1970ల నుంచి పిల్లల బేస్‌బాల్ కోచ్‌లని గమనిస్తూ వచ్చారు. కొందరు కోచ్‌లకి చిన్న శిక్షణ ఇచ్చారు: పిల్లవాడు తప్పు చేసిన వెంటనే ముందు ధైర్యం చెప్పాలి, తర్వాత ఎలా సరిచేసుకోవాలో చెప్పాలి, శిక్ష వేయకూడదు. 1992లో అచ్చైన వాళ్ల అధ్యయనం ప్రకారం, ఆ శిక్షణ పొందిన కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో మరుసటి ఏడు ఆట మానేసినవాళ్లు 5 శాతం. శిక్షణ లేనివాళ్ల దగ్గర 26 శాతం. గెలుపోటముల్లో మాత్రం రెండు వైపులా తేడా లేదు. మాస్టారిని కదిలించింది ఆఖరి వాక్యమే. మెత్తగా ఉంటే జట్టు ఓడిపోతుందన్నది ఆయన భయం.

రౌండ్లు ఆపేశారు. బాబుని వెంటనే జట్టులోకి లాగకుండా మెట్టు మెట్టుగా తీసుకురమ్మన్నాను, ఎందుకంటే భయపడిన చోటుకి వెళ్లకుండా ఉన్నంతకాలం ఆ భయం పెరుగుతుంది, ఒకేసారి తోసేస్తే ఇంకా బిగుస్తుంది. మొదట జట్టు వెళ్లిపోయాక ఇద్దరే, టెన్నిస్ బంతితో. బంతి తల మీదుగా వెళ్లేలా ఉంటే మొదటి అడుగు వెనక్కే వేయాలని, ఎండకి గ్లౌవ్‌నే అడ్డం పెట్టుకోవాలని, రెండో చెయ్యి గ్లౌవ్ మీదికి తేవాలని. తర్వాత అసలు బంతి. తర్వాత ఇద్దరు ముగ్గురు చూస్తుండగా. ఆఖరున సాయంత్రం అదే ఎండలో, పడమటి వైపు తిరిగి. ఆ మెట్టు దగ్గర బాబు చాలా రోజులు ఆగాడు. ఆగనిచ్చారు.

వీడియో సంగతి మాస్టారు నేర్పుగా చూశారు. అందరి ముందూ తిడితే బాబు పేరు ఇంకోసారి అందరి నోటా పడేది. జట్టులో పెద్ద పిల్లల్ని ముగ్గుర్ని విడిగా పిలిచి మాట్లాడారు. వీడియో తీసేశారు. గ్రూపులో ఎవరి తప్పుల వీడియోలూ పెట్టకూడదని ఆ పిల్లలే రాసుకున్నారు. "జల్లెడ" అన్న పేరు వెంటనే పోలేదు, ఒకరిద్దరు ఇప్పటికీ అంటారు. మొదట్లో ఆ మాట వినగానే బాబు కడుపు పట్టుకునేవాడు, ఇప్పుడు "అది పోయినేడు" అంటున్నాడని మాస్టారు చెప్పారు.

ఇప్పుడు

బాబు ప్రాక్టీసుకి వెళ్తున్నాడు. బడుల మధ్య జరిగిన ఒక మ్యాచ్‌లో మళ్లీ ఒక క్యాచ్ వదిలేశాడు. ఆ రోజు రాత్రి ఏడ్చాడు, సరిగా తినలేదు, మర్నాడు మైదానానికి వెళ్లాడు. నోటుబుక్కులో మూడో గడిలో ఒకటి వేసుకున్నాడు. ఈ కేసులో నేను మెరుగుదల అని రాసుకున్నది ఆ మర్నాటి గురించే. అతను ఏడవకుండా ఉండటం నా లక్ష్యం ఎప్పుడూ కాదు.

అన్నీ చక్కబడలేదు. పరీక్షల ముందు కడుపునొప్పి మళ్లీ కనిపించింది. నాన్న కంచె దగ్గర నిలబడితే బాబు చూపు ఇంకా అటే పోతోందని మాస్టారి పరిశీలన. దాన్ని నాన్నకి చెబితే, ఈసారి ఎంపికల రోజున కంచె వదిలి కాస్త దూరంలో కొబ్బరిచెట్ల కింద కూర్చుంటానన్నారు. అలా కాదు, ఎక్కడ నిలబడాలో వాడినే అడగమన్నాను. అడిగారు. మాస్టారి వెనక నిలబడమన్నాడట.

జిల్లా ఎంపికలు మళ్లీ వస్తున్నాయి. పేరు రావచ్చు, మళ్లీ స్టాండ్‌బైలోనే ఆగిపోవచ్చు. రెండిటికీ ముందే మాట్లాడుకుని ఉంచాం: జాబితా చదివాక మొదటి అరగంట ఎవరు అతని పక్కన ఉంటారు, ఇంటికి ఎవరి బండి మీద వస్తాడు, దారిలో ఎక్కడ ఆగుతారు, ఆ రోజు ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది. ఎంపికలయ్యాక వచ్చే వారం ముగ్గురూ నా దగ్గరికి వస్తారు, ఫలితం ఏదైనా సరే.